చెక్‌పోస్టులో ఒంటికున్న రక్షణ ఫోన్‌లోని మాటకు ఉందా?

క్లుప్తంగా

ఫోన్ సంభాషణను పోలీసులు వినాలంటే కోర్టు వారంటు కావాలని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో అలాంటి వారంటే లేదు. హోంశాఖ కార్యదర్శి సంతకం చాలు. అడిగేవారు, ఒప్పుకునేవారు, తర్వాత సరిచూసేవారు అందరూ ప్రభుత్వంలోవాళ్లే. గంజాయి కోసం జరిగే సోదాకూ వారంటు ఉండదు కానీ, దానికి చట్టం గట్టి షరతులు పెట్టింది. అవి తప్పితే కేసే పోతుంది. ఫోన్ నిఘాలో షరతులు తప్పినా మామూలుగా కేసు నిలబడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి బాగా తెలిసిన సోదాలతో పోల్చి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడడమే ఈ వ్యాసం పని.

జేబు తడిమే ముందు చెప్పాల్సిన మాట

ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో గంజాయి కోసం బస్సులు, లారీలు ఆపడం మామూలే. మన్యం నుంచి మైదానానికి దిగే దారుల్లోనూ, విజయనగరం రైల్వేస్టేషన్‌లోనూ ఇదే తనిఖీ. అనుమానం వచ్చిన ప్రయాణికుడి ఒంటిని తడిమి చూసే ముందు అధికారి ఒక మాట చెప్పి తీరాలి. గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో తనను సోదా చేయమని అడిగే హక్కు అతనికి ఉందన్నదే ఆ మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 50వ సెక్షన్‌లో ఉన్న షరతు ఇది. ఆ మాట చెప్పలేదని విచారణలో తేలితే జేబులో దొరికిన సరుకు సాక్ష్యంగా నిలవదు. బల్దేవ్ సింగ్ కేసులో 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. 2010లో మరో రాజ్యాంగ ధర్మాసనం ఆ షరతును తు.చ. తప్పకుండా పాటించాల్సిందేనంది. ఈ రక్షణ ఒంటికే తప్ప చేతిలోని సంచికి లేదు. గంజాయి ఎక్కువగా సంచుల్లోనే దొరుకుతుంది కాబట్టి నిందితులందరూ దీంతో బయటపడిపోతారని అనుకోనక్కర్లేదు.

ఇంటి సోదాకు అదే చట్టంలో 42వ సెక్షన్ ఉంది. సరుకు దాచారని సమాచారం వస్తే అధికారి దాన్ని ముందు కాగితం మీద పెట్టాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేలోపు వారంటు లేకుండానే వెళ్లవచ్చు. రాత్రిపూట అయితే, వారంటు తెచ్చేలోగా సరుకు మాయమవుతుందని ఎందుకు అనుకుంటున్నాడో అదీ రాయాలి. ఆ కాగితం నకలు 72 గంటల్లో పై అధికారికి చేరాలి. కారణం లేకుండా వేధించడానికే సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇదంతా వారంటు లేని సోదాయే. వారంటు లేనంత మాత్రాన అధికారానికి హద్దు లేనట్టు కాదు. కారణం ముందే రాయాలి, అది ఇంకొకరి కంటపడాలి, సోదాకు గురయ్యేవాడికి ఆ సంగతి తెలియాలి, నియమం తప్పితే తప్పినవాడు నష్టపోవాలి. గంజాయి చట్టంలో ఈ నాలుగూ ఏదో ఒక మేరకు ఉన్నాయి. ఫోన్ నిఘాలో వీటిలో ఎన్ని మిగులుతాయన్నదే అసలు ప్రశ్న.

'ట్యాపింగ్' అనే ఒక్క పేరు కింద మూడు పనులు

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఎవరైనా పోలీసులకు దొరికాడన్న కబురు వస్తే, "ఫోన్ ట్యాప్ చేసి పట్టారట" అన్న మాట వెంటే వస్తుంది. చాలాసార్లు అక్కడ జరిగేది ట్యాపింగ్ కాదు.

మొదటిది కాల్ డేటా. పోలీసుల భాషలో సీడీఆర్. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు చేశారు, ఆ సమయంలో ఫోన్ ఏ టవరు కింద ఉంది అన్న వివరాలే ఇందులో ఉంటాయి, మాటలు ఉండవు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 94వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి టెలికాం కంపెనీ నుంచి దీన్ని తెప్పించుకుంటారు. దీనికి ముందున్న నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ)లో ఇది 91వ సెక్షన్. ఎస్పీ స్థాయి అధికారి ద్వారానే అడగాలన్న పద్ధతి ఉంది కానీ, న్యాయమూర్తి ప్రస్తావన లేదు. మాటలు లేకపోతేనేం, మనిషి రోజంతా ఎక్కడ తిరిగాడో, రాత్రి ఎక్కడ పడుకున్నాడో టవరు చెప్పేస్తుంది. అందుకే అమెరికా సుప్రీంకోర్టు 2018లో కార్పెంటర్ కేసులో 7 రోజులు, అంతకు మించిన టవరు వివరాలకు వారంటు తప్పనిసరి చేసింది.

రెండోది చేతిలోని ఫోన్ తీసుకుని చూడడం. తెల్లవారుజామున కాలనీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తిరిగి బండి కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్‌లు ఈ రెండు జిల్లాల్లో కొత్త కాదు. బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఆ పేరుతో సెక్షన్ ఏదీ లేదు. ఉన్నది 185వ సెక్షన్. దాని ప్రకారం ఒక నేరం దర్యాప్తులో ఉండాలి, ఫలానా వస్తువు ఫలానా చోట దొరుకుతుందన్న నమ్మకానికి కారణాలు కేస్ డైరీలో రాయాలి, సోదాను వీడియో తీయాలి, ఆ కాగితాల నకళ్లు 48 గంటలు దాటకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ వీడియో నిబంధన చిన్నదేమీ కాదు. ఫోన్ తెరిచి లోపల చూడాలంటే మామూలుగా సెర్చ్ వారంటు ఉండాలని కర్ణాటక హైకోర్టు 2021లో చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టిపడేయదు.

మూడోదే అసలైన ట్యాపింగ్, అంటే మాట నడుస్తుండగా వినడం. జిల్లా ఎస్పీకి కూడా ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం లేదు.

ఫైలు ఎక్కడికి వెళ్తుంది?

పాలకొండలోనో, చీపురుపల్లిలోనో దర్యాప్తు చేస్తున్న అధికారికి ఒక నంబరు వినాలనిపిస్తే ఆ కోరిక పోలీసుశాఖ మెట్లన్నీ ఎక్కి వెలగపూడి సచివాలయంలోని హోంశాఖ కార్యదర్శి బల్ల మీదికి చేరాలి. కార్యదర్శి కారణం రాసి సంతకం పెడితే అది టెలికాం కంపెనీ నోడల్ అధికారికి వెళ్తుంది. ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తూ పోయినా 180 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే అధీకృత సంస్థలో ఐజీ స్థాయికి తగ్గని పెద్ద అధికారి ముందుగా వినడం మొదలుపెట్టించవచ్చు. అయితే 3 పనిదినాల్లో హోంశాఖకు చెప్పాలి, 7 పనిదినాల్లో ఆమోదం రావాలి. రాకపోతే ఆపేయాలి.

ఆ తర్వాత సమీక్ష. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడిగా, న్యాయశాఖ కార్యదర్శి, హోంశాఖకు చెందని మరో కార్యదర్శి సభ్యులుగా ఉండే కమిటీ 2 నెలలకోసారి కూర్చుని ఉత్తర్వులు చట్టబద్ధంగా ఉన్నాయో లేదో చూడాలి. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి ఆ కమిటీకి పెద్ద.

కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. అంకెలు చూస్తే దాని అసలు రూపం తెలుస్తుంది. కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తున్నట్టు గతంలో సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో బయటపడింది. 2018లో వ్యక్తిగత సమాచార రక్షణపై నివేదిక ఇచ్చిన జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ కమిటీ ఆ అంకెను పట్టుకుని, సమీక్షా కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తుందని ఎత్తిచూపింది. రోజుకు 8 గంటలు కదలకుండా కూర్చున్నా 28,800 సెకన్లు. 15,000 ఉత్తర్వులకు పంచితే ఒక్కోదానికి 2 సెకన్లు కూడా రావు. ఉత్తర్వు మీది పేరు చదవడానికైనా అది చాలదు.

అంకె అలా ఉంచినా ఇంకో సంగతి ఉంది. కోరేది పోలీసుశాఖ, ఇచ్చేది ఆ శాఖను నడిపే హోంశాఖ, తప్పొప్పులు చూసేది హోంశాఖ కార్యదర్శికి పైనున్న ప్రధాన కార్యదర్శి. వీళ్లందరి బదిలీలు, నియామకాలు ఒకే మంత్రివర్గం చేతిలో ఉంటాయి. వాళ్లు నిజాయితీపరులా కాదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ ఇంటి బయటివాడు ఒక్కడైనా ఆ ఫైలు చదువుతున్నాడా అంటే, లేదు.

పాతబడని పాత మాట: 'ప్రజా భద్రత'

ఈ అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ నుంచి వచ్చింది. అందులో రెండు అంచెలు ఉన్నాయి. ముందు 'ప్రజా అత్యవసర పరిస్థితి' గానీ 'ప్రజా భద్రత' గానీ ఉండాలి. ఆ గడప దాటాకే దేశ సమగ్రత, శాంతిభద్రతలు, నేర ప్రేరేపణ నివారణ వంటి కారణాలు చూపవచ్చు. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న సీబీఐ నివేదిక బయటికి రావడంతో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ ప్రజా భద్రత గానీ రహస్యంగా ఉండేవి కావని, మామూలు మనిషికి కూడా కంటికి కనబడేలా ఉండాలని కోర్టు చెప్పింది. అయితే ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న పిటిషనర్ల కోరికను మాత్రం ఒప్పుకోలేదు. చట్టంలో లేనిదాన్ని తాము చేర్చలేమంది. దానికి బదులు కార్యదర్శి, కమిటీ పద్ధతిని పెట్టింది. 2007లో 419ఎ నియమంగా స్థిరపడినది, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నియమాల్లో కొనసాగుతున్నది చాలావరకు అదే.

'కంటికి కనబడే' పరిస్థితి అంటే ఏమిటో ఈ ప్రాంతపు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక శ్రీకాకుళం ఏజెన్సీలో సాయుధ పోరాటం ఊపందుకుంది. ప్రభుత్వం ఆ ప్రాంతాలను 1948 నాటి చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ప్రకటన మంచిదా చెడ్డదా అన్న వాదన నేటికీ తెగలేదు. కానీ అది బహిరంగ ప్రకటన. ఏ ప్రాంతం, ఏ చట్టం అన్నది ఎవరైనా చదువుకోవచ్చు, అసెంబ్లీలో నిలదీయవచ్చు, కోర్టులో సవాలు చేయవచ్చు. ట్యాపింగ్ ఉత్తర్వులో 'ప్రజా భద్రత దృష్ట్యా' అని రాసినప్పుడు ఆ భద్రతకు ముప్పు ఎక్కడ, ఎవరివల్ల అన్నది ఫైలుకే తెలుసు. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులనైతే ప్రచురించి తీరాలని 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఊరంతటినీ తాకేది కాబట్టి అది ప్రచురణకు లొంగింది. ఒక్కడినే తాకేది చీకట్లోనే ఉండిపోయింది.

అవినీతి కేసు ప్రజా భద్రత కిందికి వస్తుందా? ఒక లంచం వ్యవహారంలో ఫోన్ వినడాన్ని బొంబాయి హైకోర్టు 2019లో కొట్టేసింది. 2025 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు, పెద్దఎత్తున జరిగే అవినీతి ప్రజా భద్రతకు ముప్పేనన్న వైపు మొగ్గింది. ఆ వెంటనే జూలైలో మద్రాసు హైకోర్టు దానికి ఎదురు దిక్కున నిలబడి, మామూలు నేర పరిశోధనకు ఈ సెక్షన్ పనికిరాదని, అలా విన్నదాన్ని వాడుకోవడానికి వీల్లేదని చెప్పింది.

ఇంటర్నెట్ మీదుగా పోయే సమాచారానికి ఇంకో దారి ఉంది. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్‌లో ప్రజా అత్యవసరం, ప్రజా భద్రత అన్న గడపే లేదు. ఏ నేరం దర్యాప్తు కోసమైనా అన్న మాట మాత్రం ఉంది. ఈ సెక్షన్ కింద 10 కేంద్ర సంస్థలకు అధికారం ఇస్తూ 2018 డిసెంబరులో ఉత్తర్వు వెలువడింది. అంటే మామూలు కాల్‌లో చెప్పిన మాటకు రెండు గడపలు, కంప్యూటరు ద్వారా పంపిన అదే మాటకు ఒక్కటే.

తెలుగు నేల మీంచి వెళ్లిన తగవులు

నిఘాపై భారతీయ న్యాయచరిత్రలో తెలుగువారి పాత్ర అనుకున్నదానికంటే పెద్దది. ఉత్తరప్రదేశ్ పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టి అనుమానితుడు ఇంట్లో ఉన్నాడో లేదో చూసే పద్ధతి మీద ఖరక్ సింగ్ కేసు 1962లో తేలింది. రాత్రి తలుపు తట్టడాన్ని కోర్టు కొట్టేసినా, రాకపోకల మీద కన్నేయడాన్ని మాత్రం అనుమతించింది. గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదంది. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు దానితో విభేదించారు. అడుగడుగునా వెంటపడే కన్ను ఉన్నప్పుడు మనిషి స్వేచ్ఛగా తిరిగినట్టు కాదన్నది ఆయన వాదనలోని సారం. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ఆ అసమ్మతి తీర్పు వైపే వచ్చారు. గోప్యతలోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, తగిన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదని నిర్ణయించారు.

మధ్యలో 1980వ దశకం మొదట్లో మరో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి మలక్ సింగ్ కేసులో పోలీసు నిఘా రిజిస్టర్ల సంగతి చూశారు. నేరాలు ఆపడానికి నిఘా అవసరమేనని ఒప్పుకుంటూనే, సహేతుకమైన నమ్మకం లేకుండా ఎవరి పేరూ రిజిస్టరులోకి ఎక్కకూడదని, నిఘా మనిషి గౌరవాన్ని దెబ్బతీసేదాకా పోకూడదని గీత గీశారు. మన ఊళ్లలో ఆ రిజిస్టరుకు పేరు రౌడీషీట్. పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే దానికి ఆధారం, శాసనసభ చేసిన చట్టం కాదు. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం సరిగ్గా ఇదే పట్టుకుంది. చట్టం దన్ను లేని స్టాండింగ్ ఆర్డర్లతో రౌడీషీట్ తెరవడం, రాత్రిళ్లు ఇంటికి వెళ్లడం, స్టేషన్‌కు పిలిచి కూర్చోబెట్టడం చెల్లవంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

వీటన్నిటికంటే తక్కువగా తెలిసినది, ఎక్కువగా పనికొచ్చేది స్టాంపు డ్యూటీ కేసు. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించింది. స్టాంపు డ్యూటీ ఎగవేత జరిగిందేమో చూడడానికి కలెక్టరు ఎవరినైనా రాతపూర్వకంగా పంపవచ్చు. వెళ్లినవారు ప్రభుత్వ కార్యాలయంలోనే కాదు, బ్యాంకులోనైనా, ఇంట్లోనైనా కాగితాలు తిరగేయవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, పట్టుకుపోవచ్చు. ఎవరిని పంపాలి, ఏ కారణం ఉండాలి అన్నది చట్టంలో లేదు. గుమాస్తాను పంపినా చెల్లుతుంది. కెనరా బ్యాంకు దీన్ని సవాలు చేసింది. రాష్ట్ర హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఆ తీర్పులో లోతైన సంగతి ఒకటి ఉంది. ఖాతాదారు తన కాగితాలను బ్యాంకు చేతిలో పెట్టాక అవి ఇక అతని సొంతం కావని, కాబట్టి అతని గోప్యతకు భంగం లేదని ప్రభుత్వ వాదన. 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ కేసులో ఒప్పుకున్న వాదన ఇదే. మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గోప్యత స్థలానికి కాదు, మనిషికి ఉంటుందని, కాగితం ఇంకొకరి బీరువాలో ఉన్నా అది పోదని తేల్చింది. నేడు మన కాల్ వివరాలు టెలికాం కంపెనీ బీరువాలో, లావాదేవీలు యూపీఐ కంపెనీ బీరువాలో ఉన్నాయి. రెండు దశాబ్దాల కిందటి ఆ సూత్రాన్ని సీడీఆర్‌కు పట్టించి చూస్తే 94వ సెక్షన్ నోటీసు ఒక్కటే సరిపోతుందా అన్నది గట్టి ప్రశ్నే. వాదించే లాయరు కావాలంతే.

బొబ్బిలి తల్లి, డాలస్ కొడుకు

అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. 1967లో కట్జ్ కేసుతో ఫోన్ సంభాషణకు వారంటు తప్పనిసరైంది. దేశభద్రత పేరుతో అధ్యక్షుడు స్వదేశంలోనివారి మాటలు వారంటు లేకుండా వినలేడని 1972లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో విదేశీ గూఢచర్యంపై నిఘాకు ఫీసా చట్టం, దానితోపాటు ఒక రహస్య న్యాయస్థానం వచ్చాయి. 2001 దాడుల తర్వాత బుష్ ప్రభుత్వం ఆ న్యాయస్థానాన్ని కూడా పక్కనపెట్టి వినడం మొదలుపెట్టిందని 2005 డిసెంబరులో బయటపడింది. సైన్యాధిపతిగా అధ్యక్షుడికి ఆ అధికారం సహజంగానే ఉందన్నది వారి వాదన. ఇలాంటి వాదనకు 1952లోనే ఒకసారి చుక్కెదురైంది. కొరియా యుద్ధం సాగుతుండగా ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకున్న ట్రూమన్‌ను సుప్రీంకోర్టు ఆపేసింది. చట్టసభ వద్దన్న చోట అధ్యక్షుడి అధికారం అట్టడుగుకు దిగిపోతుందన్న జస్టిస్ జాక్సన్ సూత్రం అప్పటిదే.

2008లో ఫీసా చట్టంలో చేరిన 702వ సెక్షన్ మధ్యేమార్గం చూపింది. విదేశాల్లో ఉన్న విదేశీయులను గూఢచార సమాచారం కోసం విడివిడి వారంట్లు లేకుండా వినవచ్చు. పద్ధతిని మాత్రం ఫీసా కోర్టు ఏటా ఆమోదించాలి. డాలస్‌లో ఉద్యోగం చేసే కొడుకు, బొబ్బిలిలో ఉన్న తల్లి రోజూ మాట్లాడుకుంటారనుకుందాం. కొడుకు అమెరికా గడ్డ మీద ఉన్నంతకాలం ఈ సెక్షన్ కింద అతన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు. తల్లి విషయంలో ఆ అడ్డు లేదు. ఆమె మాటల్లో ఎవరికో ఆసక్తి ఉంటుందని కాదు, ఆ చట్టం దృష్టిలో ఆమె నిలబడే చోటు అది. ఆమె మాటతోపాటు కొడుకు మాట కూడా వలలో పడుతుంది. అలా పడిన అమెరికన్ల మాటల్ని వెతకడానికైనా వారంటు ఉండాలన్న సవరణ 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 212-212 ఓట్లతో సమానమై వీగిపోయింది. సెక్షన్ గడువును మాత్రం మరో 2 ఏళ్లు పొడిగించారు.

బ్రిటన్ 2016 చట్టంతో జోడుతాళం పెట్టింది. మంత్రి సంతకం పెట్టాక న్యాయ కమిషనర్ కూడా ఒప్పుకుంటేనే ఉత్తర్వు అమల్లోకి వస్తుంది. ఈ రెండు దేశాల పద్ధతుల్లోనూ లోపాలున్నాయి, రహస్య న్యాయస్థానం అడిగినవాటికి దాదాపు అన్నిటికీ తలూపుతుందన్న విమర్శా ఉంది. అయినా ఫైలు చదివే బయటివాడు ఒకడున్నాడు.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?

మన దేశంలో చట్టవిరుద్ధంగా వినడం నేరమే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దానికి 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శిక్ష పెద్దదే, ఫిర్యాదు చేసేవాడెవరు? తన ఫోన్ విన్నారని అతనికి ఎప్పటికీ ఎవరూ చెప్పరు. గడువు తీరాక తెలియజేయాలన్న నిబంధన లేదు. రికార్డులను 6 నెలలకోసారి ధ్వంసం చేయాలన్న నియమం గోప్యతను కాపాడడానికే పెట్టారు, దాంతోపాటు తప్పు తాలూకు జాడ కూడా పోతుంది. సమాచార హక్కు చట్టం దేశభద్రత సమాచారానికి మినహాయింపు ఇచ్చింది. రాష్ట్రాలు తమ నిఘా విభాగాలను దాని పరిధి నుంచి తప్పించుకునే వీలు 24వ సెక్షన్‌లో ఉంది.

అందుకే ట్యాపింగ్ వ్యవహారాలు వ్యవస్థ పట్టుకోగా బయటపడినవి కావు. అధికారం చేతులు మారినప్పుడో, ఇద్దరు పాలకులు తగవు పడినప్పుడో బయటికి వచ్చాయి. 1988లో రామకృష్ణ హెగ్డే కర్ణాటక ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ఫోన్ ట్యాపింగ్ దుమారంలోనే. 2015లో ఓటుకు నోటు వ్యవహారం వేళ రెండు తెలుగు రాష్ట్రాలు ట్యాపింగ్ ఆరోపణలతో కోర్టులకెక్కాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 మార్చిలో అక్కడి నిఘా విభాగం మీద కేసు వచ్చింది. హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. ఫోన్లలోకి చొరబడే పెగాసస్ స్పైవేర్ విషయంలో 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని ధర్మాసనం, దేశభద్రత అనగానే ప్రభుత్వానికి ప్రతిసారీ మినహాయింపు దొరకదంటూ నిపుణుల కమిటీ వేసింది. కమిటీ చూసిన 29 ఫోన్లలో 5 చోట్ల ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేలలేదు, ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టులో వెల్లడైంది. అంతకు మించి కథ ముందుకు కదల్లేదు.

ఇక సాక్ష్యం సంగతి. అక్రమంగా రికార్డు చేసినదైనా కేసుకు సంబంధించిందైతే చెల్లుతుందని 1972లో మల్కానీ కేసులో, అక్రమ సోదాలో దొరికినదైనా చెల్లుతుందని 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో మాప్ కేసు (1961) తర్వాత అలాంటి సాక్ష్యాన్ని పక్కన పడేస్తారు. మన దగ్గర 50వ సెక్షన్ వంటి కొన్ని చోట్ల తప్ప ఆ పద్ధతి లేదు. ఒక రకంగా పోలీసుల వైపు నుంచి కూడా ఇది మేలు కాదు. ఎన్‌డీపీఎస్ కేసులు కొన్ని పోయాకే కదా, సోదాకు ముందు గెజిటెడ్ అధికారిని పిలవడం, నోటీసు మీద సంతకం తీసుకోవడం స్టేషన్లలో అలవాటుగా మారింది. పోగొట్టుకునేది ఉన్నప్పుడే పద్ధతి అలవడింది.

ఈ జిల్లాల్లో దీని బరువు

నిఘా అంటేనే జనం బెదిరిపోతారనుకోవడం పొరపాటు. ఊరెళ్తూ తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టమని ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో పోలీసులను జనమే అడుగుతున్నారు. అక్కడ అడిగేది ఇంటివాడు, గడువు చెప్పేది అతనే, కెమెరా ఎక్కడుందో తెలిసేదీ అతనికే. అదే స్టేషన్ రౌడీషీట్ ఉన్నవాడి గుమ్మం వైపు చూసినప్పుడు ఈ మూడూ తిరగబడతాయి. దీనికి 2022లో వచ్చిన నేర గుర్తింపు ప్రక్రియల చట్టం తోడైంది. అరెస్టయినవారి నుంచి తీసుకున్న కొలతలు, వేలిముద్రల వంటివి 75 ఏళ్లు భద్రపరచవచ్చు. సోంపేట, కాకరాపల్లి వంటి భూపోరాటాల్లో కేసులు మీదపడ్డ పల్లెలున్న జిల్లాలో ఈ అంకె మీద చర్చ ఇంకా మొదలే కాలేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (2023) ఆదుకుంటుందా అంటే, కేంద్రం ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు అందులోని 17వ సెక్షనే మినహాయింపు ఇచ్చేసింది.

పరిహారం కోసం వెళ్లాల్సిన చోటు కూడా దూరమే. ఇచ్ఛాపురం నుంచి అమరావతిలోని హైకోర్టు 500 కిలోమీటర్ల పైమాటే. ఢిల్లీ, మద్రాసు హైకోర్టుల తీర్పుల్లో ఏదీ విజయనగరం సెషన్స్ కోర్టును కట్టిపడేయదు. అందువల్ల ఫోన్ వినడం మీద వాదన ఇక్కడ వస్తే అది మొదటి మెట్టు నుంచే మొదలవ్వాలి.

అసలు ఆ వాదన వచ్చే సందర్భాలు తక్కువ. ఒక గంజాయి కేసు ఫైలు తీస్తే 50వ సెక్షన్ నోటీసు పైనే ఉంటుంది. తేదీ, సమయం, నిందితుడి సంతకం, గెజిటెడ్ అధికారి సంతకం అన్నీ ఉంటాయి. డిఫెన్స్ లాయరు ముందుగా వేలు పెట్టేది దాని మీదే. ఆ నిందితుడు ఆ రోజు ఆ బస్సులో ఆ సీట్లో వస్తున్నాడని పోలీసులకు ఎలా తెలిసిందన్నది ఇంకో కాగితంలో ఉండాలి. అక్కడ మామూలుగా కనిపించేది ఒకే ఒక్క మాట: 'నమ్మదగిన సమాచారం మేరకు'. ఆ సమాచారం ఎక్కడిదో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టకూడదన్నది సాక్ష్యాధారాల చట్టంలో మొదటినుంచీ ఉన్న నియమమే.